ఈ బొమ్మల గాలి ఏడికెళ్లి వస్తది?

సగం ముఖం కటిక నలుపు, సగం ముఖం బంగారు వెలుగు. నెత్తిన హెల్మెట్. వెనకాల పెద్ద వలయం, అందులో ఒకదాని తోక ఒకటి తరుముతున్న నల్ల చేప, తెల్ల చేప. మా బొగ్గు ఊరు గోదావరిఖనిలో ఇప్పుడు ఈ బొమ్మను తప్పించుకుని తిరగడం కష్టం. చౌరస్తా ఫ్లెక్సీల మీద ఉంటుంది. డిసెంబర్ 23 రాగానే సింగరేణి బొగ్గు సంస్థ ఆవిర్భావ దినోత్సవ శుభాకాంక్షలంటూ ఫోన్లలోకి వచ్చిపడుతుంది. కుర్రాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో డిజిటల్ ఆర్ట్ పేరుతో తిరుగుతుంది. కింద యిన్–యాంగ్ అనో, తావో అనో, చీకటి వెలుగుల సమతుల్యం అనో ఒక ముక్క. నాలుగు ఇంగ్లిష్ మాటలు టైపు చేస్తే అర నిమిషంలో యంత్రం గీసిచ్చిన బొమ్మ అది. అందులో కళ లేదు. తావో లేదు. గోదావరిఖని అసలే లేదు.

కంప్యూటర్‌తో బొమ్మలు వేయొద్దని నేను అనడం లేదు. ఆ మాట ఎవరైనా అంటే వాళ్లతోనూ కొట్లాడతాను. ఈ దేశంలో కంప్యూటర్ కళ పుట్టి తీరాల్సిన ఊళ్లు కొన్ని ఉంటే, మొదటి వరసలో నిలబడాల్సిన ఊరు ఇదే. నలుపూ తెలుపూ, ఖాళీ నిండూ, లోతూ ఎత్తూ ఒకదాన్నొకటి పుట్టిస్తాయన్న చైనా వాళ్ల పాత ఆలోచనకు ఇంతకు మించిన రుజువు ఎక్కడ దొరుకుతుంది? అటువంటి చోట కూర్చుని, ఎక్కడో తయారైన నలుపును అద్దెకు తెచ్చుకుని గోడలకు తగిలించుకుంటున్నాం. నా కోపం దాని మీద.

ముందు ఆ బొమ్మను సరిగ్గా చూడండి. కార్మికుడి చేతిలో రెండు కొనల పికాసు ఉంటుంది. పక్కన లాంతరు ఉంటుంది. ఆ ముఖం ఇంగ్లండు గనుల పాత ఫొటోల్లోంచి వచ్చిన ముఖం. హెల్మెట్ మీద దీపం వెలుగుతుంటుంది కానీ ఏళ్ల తరబడి మనవాళ్ల నడుముల్ని ఒరిపిడి పెట్టిన బ్యాటరీ ఉండదు. టబ్బు ఉండదు, హాలర్ తాడు ఉండదు, బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రం ఉండదు, పైకప్పుకు కొట్టిన రూఫ్‌బోల్టు ఉండదు, కాళ్ల కింద నీళ్లుండవు. గోడలు మాత్రం నిగనిగలాడే నలుపు.

బొగ్గుబాయి దిగినవాళ్లకు తెలుసు, లోపల గోడలు అట్లా ఉండవు. బూడిద తెలుపులో ఉంటాయి. బొగ్గు దుమ్ము గాలిలోకి లేచి, నిప్పు తగిలితే పేలుతుంది. ఒక్కచోట పేలితే దాని ఊపుకు ముందున్న దుమ్మంతా లేచి పేలుడు గ్యాలరీ వెంట పరుగెత్తుతుంది. దాన్ని ఆపడానికి పైకప్పు మీదా, పక్క గోడల మీదా, నేల మీదా సున్నపురాయి పొడి చల్లుతారు. స్టోన్ డస్ట్ అంటారు. కింద పేరుకున్న దుమ్ములో మండని పదార్థం 75 శాతానికి తగ్గకూడదు. వేడికి ఆవిరయ్యే పదార్థం 30 శాతం దాటిన బొగ్గయితే 85 శాతానికి తగ్గకూడదు. ఇది చట్టంలో ఉన్న లెక్క. అంటే బొగ్గుబాయి బతకాలంటే నలుపు మీద తెలుపు ఉండాలి. తెలుపు పలచబడితే నలుపు మనుషుల్ని చంపుతుంది. ప్రతి షిఫ్టులో కొత్త బొగ్గు దుమ్ము వాలి ఆ తెలుపును మింగేస్తూ ఉంటుంది, మళ్లీ చల్లుతూ ఉండాలి. ఎక్కడా ఆగని పని అది. యిన్–యాంగ్ అనే ఆలోచనను నాకు ఎవరైనా పుస్తకం లేకుండా చెప్పమంటే ఈ స్టోన్ డస్ట్ దగ్గరికి తీసుకుపోతాను. ఆ బొమ్మ గీసిన యంత్రానికి మాత్రం బొగ్గు అంటే నల్లన అన్నంతవరకే తెలుసు.

ఎట్లా తెలుస్తుంది? మామూలు ఫోన్‌ను, మామూలు కెమెరాను భూగర్భ గనిలోకి పోనివ్వరు. చిన్న రవ్వ చాలు గ్యాస్ అంటుకోవడానికి. కాబట్టి మన బాయి లోపలి ఫొటోలు ప్రపంచంలో చాలా తక్కువ. 2022 ఆగస్టులో జనం చేతికొచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి యంత్రాలకు నేర్పింది ఇంటర్నెట్ నుంచి పోగుచేసిన బొమ్మలతో, వాటి పక్కనున్న ఇంగ్లిష్ రాతలతో. ఇంగ్లిష్‌లో పేరు పెట్టని చోటు, కెమెరా దిగని చోటు ఆ యంత్రానికి లేనట్టే. మనం గోదావరిఖని అని టైపు చేస్తాం. అది వేల్స్ గనినో, పెన్సిల్వేనియా గనినో తీసి, దాని మీద మన పేరు అంటించి ఇస్తుంది. మనం చప్పట్లు కొడతాం!

ఇంకో సంగతి ఉంది, ఇది నన్ను మరీ రగిలించింది. ఈ యంత్రాలు పనిచేసే తీరు ఇట్లా ఉంటుంది: బొమ్మ మీద కొంచెం కొంచెంగా చుక్కల గందరగోళం కలుపుతూ పోతారు, ఆ గందరగోళాన్ని ఏరేయడం యంత్రానికి నేర్పుతారు. తర్వాత ఒట్టి గందరగోళం ఇచ్చి, ఇందులోంచి బొమ్మ తీయమంటారు. అయితే నేర్పేటప్పుడు బొమ్మను చివరిదాకా చెరపలేదు. ఎంత చుక్కలు కలిపినా అడుగున అసలు బొమ్మ ఎంత వెలుగో ఎంత చీకటో లీలగా మిగిలిపోయింది. యంత్రం ఆ ఆనవాలును పట్టుకుని నడవడం నేర్చుకుంది. తీరా బొమ్మ గీయమన్నప్పుడు దానికి ఇచ్చే గందరగోళం సగటున అటు చీకటీ కాదు, ఇటు వెలుగూ కాదు. అందుకే పూర్తి నలుపు బొమ్మ గీయమని అడిగినా అది మధ్యస్థ వెలుగు దగ్గరికే వచ్చి ఆగేది. 2023లో షాన్‌చువాన్ లిన్, ఆయన సహచరులు ఈ లోపాన్ని లెక్కలతో సహా బయటపెట్టి, దిద్దుబాటు కూడా చెప్పారు. తర్వాత వచ్చిన నమూనాలు చీకటిని గీయగలుగుతున్నాయి. కానీ మన కుర్రాళ్లు ‘తావో కాంట్రాస్ట్’ అంటూ మురిసిపోయిన తొలి బొమ్మల్ని గీసిన యంత్రానికి చీకటి అనేది చేతనే కాలేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. చేతకాని చీకటిని దాటడానికి అది మెరుపులద్దింది, బంగారు అంచులద్దింది, పొగమంచు పోసింది. ఆ మెరుపులనే మనం తత్వం అనుకున్నాం.

బాయిలో పని చూసుకునే ఓవర్‌మన్‌గా రిటైరైన ఒకాయనకు ఆ బొమ్మ చూపించాను. చాలాసేపు చూశాడు.

“ఈ బొమ్మల గాలి ఏడికెళ్లి వస్తది బిడ్డా?” అన్నాడు. “వచ్చే తొవ్వ లేదు, పోయే తొవ్వ లేదు. గీ మనిషి జర్రసేపట్ల సచ్చిపోతడు.”

ఇంతకంటే పదునైన కళావిమర్శ నేను ఎక్కడా చదవలేదు. బాయిలో గాలికి రెండు తొవ్వలుంటాయి. మంచి గాలి లోపలికొచ్చేది ఇన్‌టేక్, వాడిన గాలి బయటికి పోయేది రిటర్న్. పైన ఫ్యాను పీలుస్తుంటే, గ్యాలరీలకు అడ్డంగా గోడలు కట్టి, తెరలు కట్టి, గాలిని పనిచోటు దాకా తిప్పి తీసుకొస్తారు. అదే గాలి, ఒకవైపు ప్రాణం పోసేది, మరోవైపు మీథేన్‌ను మోసుకుపోయేది. ఈ రెండూ ఎదురెదురుగా ఉన్నాయి, ఒకటి లేకుండా ఇంకొకటి లేదు. 6వ శతాబ్దంలో షియె హె అనే చైనా విమర్శకుడు చిత్రానికి ఆరు సూత్రాలు రాసిపెట్టాడు. వాటిలో మొదటిది రేఖ గురించి కాదు, రంగు గురించి కాదు. బొమ్మలో ఊపిరి ఆడుతోందా లేదా అని. మా ఓవర్‌మన్‌కు షియె హె ఎవరో తెలియదు. అయినా మొదటి ప్రశ్నగా సరిగ్గా దాన్నే అడిగాడు.

తావో పేరు చెప్పేవాళ్లు దానికి మూలమైన పుస్తకంలో ఏముందో ఒక్కసారి చూస్తే బాగుండు. లావోజు పేరుతో ప్రచారంలో ఉన్న ఆ 81 చిన్న అధ్యాయాల పుస్తకం బండిచక్రాన్నీ, కుండనూ, గదినీ చూపించి, పనికొచ్చేది వాటిలోని ఖాళీయేనని వాదిస్తుంది. చాలామంది దీన్ని కవిత్వం అనుకుని తలూపి వదిలేస్తారు. బొగ్గుబాయిలో ఇది ఇంజనీరింగ్. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో బొగ్గు పొరను గళ్లు గళ్లుగా తొలుస్తారు. తొలిచిన దారులు గ్యాలరీలు, వదిలేసిన దిమ్మలు పిల్లర్లు. పిల్లర్ నిలబడితేనే ఖాళీ ఉంటుంది. ఖాళీ ఉంటేనే మనిషి పోతాడు, గాలి పోతుంది, బొగ్గు బయటికొస్తుంది.

దీనికీ లెక్క ఉంది. బొగ్గు గనుల నిబంధనల్లో ఒక పట్టిక ఉంది. నా దృష్టిలో మన బొగ్గు నేల మీద కంప్యూటర్ కళకు అంతకు మించిన ముడిసరుకు లేదు. గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లకు మించకూడదు. ఆ వెడల్పు తీసుకుంటే, లోతు 60 మీటర్ల లోపు ఉన్నప్పుడు పక్కపక్క పిల్లర్ల నడిమధ్యల దూరం కనీసం 19.5 మీటర్లుండాలి. 360 మీటర్ల లోతు దాటితే కనీసం 48 మీటర్లుండాలి. కాగితం మీద గళ్లు గీసి చూడండి. పైపొరలో దాదాపు 43 శాతం నేలను ఖాళీ చేయొచ్చు. లోతుకు పోయేసరికి 19 శాతమే. ఎంత లోతుకు దిగితే అంత నలుపును ముట్టుకోకుండా వదిలేయాలి. చివరికి ఆ పిల్లర్లనూ తీసే రోజొస్తుంది. సరిహద్దు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కటే తీస్తూ వెనక్కి వస్తారు. అట్లా వదిలిన శూన్యమే గోఫ్. దాని మీద పైకప్పు కూలుతుంది, లేదంటే గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి పైపుల్లో పంపి నింపుతారు. బొగ్గు పైకి, నది ఇసుక కిందికి. ఏ యిన్–యాంగ్ బొమ్మలో చూశారు దీన్ని?

నలుపును గురించి చైనా చిత్రకారులకు తెలిసిన సంగతి ఒకటి మనకూ పనికొస్తుంది. వాళ్ల సిరా మసితో చేసినది. దేవదారు జాతి కట్టెలు కాల్చిన మసి, లేదా నూనె దీపాల మసి, జిగురుతో కలిపి కడ్డీలు చేసి, రాయి మీద నీళ్లతో అరగదీసేవాళ్లు. కర్బనమే అది, మన బొగ్గుకు దగ్గరి చుట్టమే. ఆ మసితో 12వ శతాబ్దం చివర, 13వ శతాబ్దం మొదట్లో మా యువాన్ లాంటివాళ్లు పట్టు మీద ఒక మూలన మాత్రమే కొండా చెట్టూ గీసి, మిగతా జాగను వదిలేశారు. వదిలేసిన జాగే మంచు, నీళ్లు, ఆకాశం. గీయకుండా ఉండటానికి ఎంత ధైర్యం కావాలి! మన యంత్రం బొమ్మలో అంగుళం ఖాళీ ఉండదు. అడుగడుగునా మెరుపు, రేణువు, కిరణం.

కంప్యూటర్‌కూ ఈ ఆలోచనకూ చుట్టరికం ఉందని చెప్పడానికి ఇన్‌స్టాగ్రామ్ అక్కర్లేదు. 1701లో బీజింగ్‌లో ఉన్న బువే అనే జెసూట్ ఫాదర్, యి చింగ్ అనే పాత చైనా గ్రంథంలోని 64 రేఖాచిత్రాల పటాన్ని జర్మనీలో గణితవేత్త లైబ్‌నిజ్‌కు పంపాడు. అప్పటికే సున్నా, ఒకటి రెండంకెలతోనే లెక్కలు చేసే పద్ధతి మీద పనిచేస్తున్న లైబ్‌నిజ్, తెగిన గీత సున్నా, నిండు గీత ఒకటి అనుకుని చదివితే 0 నుంచి 63 దాకా అంకెలు వరసగా వస్తున్నాయని గుర్తించి, 1703 నాటి వ్యాసంలో రాశాడు. ఆ రెండంకెల మీదే ఇవాళ ప్రతి కంప్యూటరూ నడుస్తోంది. 1960ల చివరి నుంచి ప్యారిస్‌లో వెరా మోల్నార్ అనే హంగరీ చిత్రకారిణి కంప్యూటర్ చేత చతురస్రాలు గీయించి, వాటి క్రమాన్ని కాస్త కాస్తగా చెదరగొడుతూ పోయింది. క్రమం ఎక్కడ చచ్చిపోతుంది, చెదురు ఎక్కడ ప్రాణం పోసుకుంటుంది అని వెతుక్కుంటూ ముసలితనం దాకా పనిచేసి 2023 డిసెంబర్‌లో పోయింది. ఆమె ఎవరినీ బొమ్మ గీసిపెట్టమని అడుక్కోలేదు. సూత్రం తానే రాసింది.

సూత్రం రాసి బొమ్మ పుట్టించడం మన ఆడవాళ్లకు తెలియని విద్యా? చుక్కలు పెట్టి, ఏ చుక్కను ఎటునుంచి చుట్టాలో నియమం పెట్టుకుని, తడి నేల మీద తెల్ల ముగ్గు వేస్తారు. 1974లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ, కమలా క్రితివాసన్ ఇటువంటి ముగ్గుల వ్యాకరణం మీదే కంప్యూటర్ శాస్త్రంలో పరిశోధన పత్రం రాశారు. అరవవాళ్ల కోలంలో వాళ్లు చూసిన గణితం మన వాకిట్లో లేదా? బొగ్గు లారీల దారి పక్క వాకిళ్లలో పొద్దున వేసిన ముగ్గు మీద మధ్యాహ్నానికి నల్లదుమ్ము వాలుతుంది. మర్నాడు మళ్లీ ఊడ్చి, మళ్లీ వేస్తారు. సెల్‌ఫోన్‌లో ఆ ఒక్క వాకిలిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గంటకోసారి ఫొటో తీసి, దుమ్ము వాలే వేగాన్ని లెక్కగట్టి, ఆ లెక్కతో ముగ్గును చెరిపే ప్రోగ్రాం రాస్తే, అది తావో కళ. దానికి బంగారు అంచులు అక్కర్లేదు.

చైనా తత్వం మనకెందుకు అని అడిగేవాళ్లున్నారు. ఇదే పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట బౌద్ధ స్తూపం ఉంది. శూన్యం గురించి బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు చెప్పిన మాటల్ని 5వ శతాబ్దం మొదట్లో కుమారజీవుడు అనే భిక్షువు చైనా భాషలోకి తీసుకుపోయాడు; ఆ శూన్యాన్ని చైనా పండితులు అంతకు ముందు నుంచీ తావో మాటల్లోనే అర్థం చేసుకుంటూ వచ్చారు. రాకపోకలు అప్పటివి. ఈ ప్రశ్నకు ఇంతకంటే ఎక్కువ జవాబు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు గొడవకొస్తాను. ‘చీకటి వెలుగుల సమతుల్యం.’ ఈ మాటను నేను అసహ్యించుకుంటాను. ఎవరి చీకటి, ఎవరి వెలుగు? 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. ఆ 27 ఇళ్లకు పోయి చీకటీ వెలుగూ రెండూ ఉండాల్సిందేనమ్మా, అదే సృష్టి ధర్మం అని చెప్పగలరా? 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల ఉన్నారు. బొగ్గు మాత్రం తగ్గలేదు, 2023–24లో 7 కోట్ల టన్నులు తీశారు. అందులో చాలా పెద్ద భాగం ఓపెన్‌కాస్టులది. ఊరి పక్కన గుంత, గుంత పక్కన బొగ్గు మీదినుంచి తీసి పోసిన ఓబీ మట్టి గుట్ట. గుంత ఎంత లోతో గుట్ట అంత ఎత్తు. పాత ఇంక్లైన్లు ఉన్నచోటే ఓపెన్‌కాస్టు తవ్వుకుంటూ పోతే, ఒకప్పుడు మనుషులు వంగి నడిచిన గ్యాలరీల నోళ్లు బెంచి గోడలో ఎండకు బయటపడతాయి. ఇదంతా సమతుల్యమేనా? వైరుధ్యాన్ని సమతుల్యం అని పిలవడం అంటే కింద ఉన్నవాణ్ని కిందే ఉండమనడం. ఆ లావోజు పుస్తకంలోనే, ఎక్కువున్న చోట తగ్గించి లేని చోట నింపడం ప్రకృతి తీరనీ, మనుషుల తీరు దానికి తలకిందులనీ గట్టి విమర్శ ఉంది. ఫ్లెక్సీల మీదికి ఆ విమర్శ ఎందుకు రాదు?

ఆ బొమ్మ గీయడానికి అయిన కరెంటు సంగతి కూడా మాట్లాడుకుందాం. ఇటువంటి బొమ్మలు పుట్టేది డేటా సెంటర్లలో, వాటికి రాత్రీ పగలూ కరెంటు కావాలి. ఈ దేశపు కరెంటులో చాలా భాగం ఇప్పటికీ బొగ్గుదే. 1978 నవంబర్ 14న మొరార్జీ దేశాయ్ పునాదిరాయి వేసిన రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్ల కేంద్రం దక్షిణాది గ్రిడ్‌కు దశాబ్దాలుగా కరెంటు ఇస్తోంది. నల్లటి బొగ్గు అందులోకి పోతుంది, తెల్లబారిన బూడిద బయటికొస్తుంది. బూడిద కుందనపల్లి చెరువుకు పోతుంది, వేసవిలో గాలి లేస్తే అక్కణ్నుంచి ఇళ్లలోకొస్తుంది. అదే ఎన్టీపీసీ జలాశయం మీద 2022 జులై 1 నుంచి 100 మెగావాట్ల తేలే సోలార్ పలకలు పనిచేస్తున్నాయి. నల్లని పలకలు నీళ్ల మీద పడుకుని ఎండను తాగుతున్నాయి. ఆ గట్టున నిలబడి చూస్తే ఒకవైపు ఈనాటి ఎండ, ఇంకోవైపు పాతిక కోట్ల ఏళ్లకు ముందు గోండ్వానా అడవుల మీద పడి, మొక్కల్లో దాక్కుని, బురద కింద బొగ్గయిన ఎండ. నల్ల చేప కడుపులో తెల్ల చుక్క అంటే ఇదే కదా! బొగ్గు లోపల ఉన్నది సూర్యుడే. ఇంత వైరుధ్యం ఒక్క చూపులో పట్టే చోట పుట్టి, ముఖానికి సగం మసి పూసిన తెల్లవాడి బొమ్మను మనది అంటున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు చేయగలిగింది చెబుతాను. ప్రాసెసింగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై మొదలుపెట్టారు. ఉచితం. పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, డేటా సెంటర్ అక్కర్లేదు. దాంట్లో పిల్లర్ల గళ్లు గీయండి. లోతు అనే ఒక్క అంకె పెట్టుకోండి. లోతు పెరుగుతుంటే నిబంధనల పట్టిక ప్రకారం పిల్లర్లు లావవుతాయి, ఖాళీ సన్నబడుతుంది. తెర మీద తెలుపు తగ్గుతూ నలుపు పెరగడం మీ ఇష్టం కాదు, భూమి బరువు ఇష్టం. తర్వాత పిల్లర్లు తీయడం మొదలుపెట్టండి. ఒకటి తీయగానే దాని బరువు పక్కవాటి మీద పడాలి. ఎక్కడ పైకప్పు తెగుతుందో ముందే చెప్పొద్దు. ఇన్‌టేక్ ఒక రంగు, రిటర్న్ ఒక రంగు. గాలి దారి మూసుకుపోయిన చోట బొమ్మ ఆగిపోవాలి. శబ్దం కావాలంటే పాత కార్మికుల దగ్గరికి పోండి. ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి, గట్టి చప్పుడా గుల్ల చప్పుడా అని చెవితో తేల్చుకునేవాళ్లు వాళ్లు. ప్రాణం ఆ చప్పుడు తేడాలోనే ఉండేది. ఆ రెండు చప్పుళ్లనూ రికార్డు చేయించుకోండి, ఇంకా చేయించుకునే వీలుండగానే. ఆ పెద్దమనుషుల్లో చాలామందికి దమ్ము ఆడటం లేదు.

ఇందులో మెరుపు ఉండదు. లైకులు తక్కువొస్తాయి. చూసినవాడు ఇదేం బొమ్మ అని అడుగుతాడు. అడగనివ్వండి, అప్పుడే చెప్పడానికి మీ దగ్గర ఏదో ఉంటుంది.

పెద్దల్ని కూడా ఒకటి అడుగుతున్నాను. గనిని వదిలేసేటప్పుడు దాని చివరి ప్లాను గనుల భద్రతా డైరెక్టరేట్‌కు ఇచ్చి తీరాలన్నది నిబంధన. అంటే మూతపడ్డ ప్రతి ఇంక్లైన్‌కూ ఎక్కడో ఒక పటం ఉంది. ప్రతి పిల్లరూ, ప్రతి గ్యాలరీ, ప్రతి గోఫ్, నీళ్లు నిలిచిన ప్రతి చోటూ సర్వేయర్లు దీపం వెలుగులో కొలిచి గీసిన గీతలవి. నలుపు తెలుపుల్లో తెలంగాణ గీసుకున్న అతి పెద్ద చిత్రాలు ఏవంటే నేను వాటినే చూపిస్తాను. అవి బీరువాల్లో చెదలు పట్టడానికి వీల్లేదు. భద్రత అంటారేమో. పని ఆగి, నీళ్లు నిండి, దారి మూసేసిన బాయిలో దాచాల్సింది ఏముంది? పక్కన నడుస్తున్న గనికి ముప్పు అనుకుంటే ఆ అంచు కత్తిరించి ఇవ్వండి. మిగతాది స్కాన్ చేసి, ఎవరైనా దించుకునేలా పెట్టండి. ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత చాలు. సెంటినరీ కాలనీ ఇంజనీరింగ్ కాలేజీలో మైనింగ్ చదివే పిల్లలున్నారు, కంప్యూటర్లు చదివే పిల్లలున్నారు. ఆ ప్లాన్లలోని గ్యాలరీల్లో తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపినవాళ్ల మనవళ్లూ మనవరాళ్లూ వాళ్లలో ఉన్నారు. ముందు ఒక్క బాయి ప్లాను వాళ్ల చేతికివ్వండి.